అందరికీ ఇచ్చే చెయ్యి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి: నేను పెంచి చెబుతాను. గాలం వేసి నేను పట్టిన చేప జెట్టీ మీద జానెడుంటే, ఇంటి గుమ్మానికి వచ్చేసరికి మూరెడవుతుంది. మా ఆవిడ పొయ్యి వెలిగించేలోపల అది నన్నే సముద్రంలోకి ఈడ్చుకెళ్ళబోయినంత పెద్దదవుతుంది. పులుసు మాత్రం ఇద్దరికి బొటాబొటిగా సరిపోతుంది. ఆ తేడా ఎక్కడ వచ్చిందని మా ఆవిడ తప్ప ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అందుచేత ఈ రాతలో ఎక్కడ అనుమానం వస్తే అక్కడ సగం కోసేసి చదువుకోండి. పెంచినవి చాలా ఉన్నాయి. అసలు లేనిదాన్ని ఉన్నట్టు కల్పించింది మాత్రం ఒక్కటే. అదేమిటో చివర నేనే ఒప్పుకుంటాను.

నాకు నవ్వించే ప్రేమ సినిమాలంటే ప్రాణం. కొట్టుకునే సినిమాలు పడవు. కొట్టుకోవడం చూడాలంటే సాయంత్రం మా పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్ బస్టాండులో కిటికీ సీటు దగ్గర నిలబడితే చాలు, టిక్కెట్టు కూడా అక్కర్లేదు. ప్రేమ సినిమా అలా కాదు. అందులో మనుషులు బాగుంటారు, ఇళ్ళు బాగుంటాయి, వానలో పాటంతా తడిసినా ఎవరికీ జలుబు చెయ్యదు. వైజాగ్ ఓడ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్‌లో కొత్త సినిమాలు తెస్తారు. ఇప్పుడు ఫోన్లో కూడా వస్తాయి గానీ, బాంబూఫ్లాట్‌లో మా ఇంటి దగ్గర నెట్‌వర్క్ ధర్మమా అని, హీరో నోరు తెరిచి మనసులో మాట చెప్పేసరికి ఆ పిల్లకు వేరే సంబంధం కుదిరి, పురుడు కూడా పోసుకుంటుంది.

ఇన్నేళ్ళుగా చూసి చూసి నేను తెలుసుకున్నదేమిటంటే, ఈ సినిమాల్లో మగవాడికి పని ఉండదు. ఉన్నా మనకు కనిపించదు. పొద్దున లేచి ఆ పిల్ల ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్ళడమే వాడి డ్యూటీ. దానికి సెలవు లేదు, పింఛను లేదు, చివర్లో పెళ్ళే పదవీ విరమణ. వాడి పక్కన ఒక స్నేహితుడుంటాడు. పొట్ట ఉంటుంది, తినడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది, అందరిచేతా లెంపకాయలు తింటాడు. ఆ పాత్ర చూసినప్పుడల్లా నాకు అద్దంలో చూసుకున్నట్టే ఉంటుంది. కుర్రతనంలో నా స్నేహితులందరి ప్రేమల్లోనూ నేను ఆ పొట్టనే. వయసు పెరిగాక ప్రమోషన్ వచ్చి హీరో మావయ్యనయ్యాను. పొట్ట అదే.

ఇక హీరోయిన్. డాక్టరీ చదివినా, కంపెనీ నడిపినా, ఆ పిల్లకు చదునైన నేల మీద నడవడం రాదు. చేప చర్మంలా నున్నటి పాలరాతి హాల్లో, అడ్డం ఏమీ లేని చోట, కాలు మడత పడుతుంది. ఆవిడ ఎక్కడ పడబోతోందో హీరోకి ముందే తెలుసు. అక్కడికి వచ్చి నిలబడతాడు. ఆవిడ పడటం మొదలుపెట్టాక, అతను పట్టుకునేలోపల మీరు వెళ్ళి టీ తాగి రావచ్చు. రెండో టీ కూడా తాగొచ్చు. అప్పుడు చెయ్యీ చెయ్యీ తగులుతుంది, వయొలిన్లు మోగుతాయి, ఎక్కడినుంచో పువ్వులు రాలతాయి.

సరిగ్గా ఈ చెయ్యి దగ్గరే మా దీవుల్లో చిక్కొస్తుంది.

మా దగ్గర చెయ్యి పట్టుకోకుండా ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేరు. ఆటు వచ్చి నీళ్ళు తగ్గాయంటే, మేం డోంగీ అనే మా చిన్న మోటారు పడవ జెట్టీ మెట్లకన్నా కిందికి దిగిపోతుంది. మెట్ల మీద పాచి. పడవ ఊగుతుంటుంది. దిగేవాళ్ళు చెయ్యి చాపుతారు, ముందు దిగినవాళ్ళు అందుకుంటారు. ఎవరు, ఏ కులం, ఏ భాష, ఆడా మగా అని ముఖం కూడా చూడరు. చేతులు మాత్రమే చూస్తారు. పొద్దున మొదటి ఫెర్రీ కట్టేలోపల సగం ఊరు మిగతా సగం ఊరి చెయ్యి పట్టుకుని వదిలేసి ఉంటుంది. కోర్టులో కేసు నడుస్తున్నవాళ్ళు కూడా ఒకరికొకరు చెయ్యి ఇచ్చుకుని దిగి, నేల మీద కాలు మోపాక మళ్ళీ తిట్టుకోవడం మొదలెడతారు. ఎవరైనా చెయ్యి ఇవ్వకపోతే మాత్రం అది చిన్న విషయం కాదు. నువ్వు మునిగినా నాకు పర్వాలేదని చెప్పినట్టు.

మా అమ్మ బతికుండగా ఇంట్లో సినిమా చూస్తుంటే, ఆ చెయ్యి పట్టుకునే సీను రాగానే ఆవిడ మండిపడేది. "ఏట్రా ఇది? ఆ గుంటకి సెయ్యి ఇచ్చినందుకు ఇంత బాజా భజంత్రీయా? జెట్టీ కాడ నన్ను రోజూ ఎంతమంది దింపుతున్నారు, ఒక్కడైనా పీపీ ఊదాడా?"

ఇప్పుడు మా మేనల్లుడి సంగతికి వస్తాను. మా అక్క కొడుకు. మావి శ్రీకాకుళం తీరాన్నుంచి వచ్చిన వేట కుటుంబాలు. నేను మాత్రం దారి తప్పి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆఫీసు కుర్చీలో పడ్డాను, వాడు దారి తప్పలేదు. వాడికి సొంత డోంగీ ఉంది. తెల్లారగట్ల వేటకు వెళ్ళొస్తాడు. చేపలు అమ్మకానికి పంపేశాక, మా దగ్గరి క్రీకు దాటించి అవతలి ఊరికి జనాన్ని తీసుకెళతాడు. క్రీకంటే మడ అడవి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. రోడ్డు మీద వెళితే చుట్టూ తిరగాలి, డోంగీలో అయితే ఒక బీడీ కాల్చేలోపల అవతల ఉంటాం.

వాడి చెయ్యి గురించి చెప్పాలి. తెడ్డంత వెడల్పు. చేపముళ్ళు గుచ్చుకుని, ఉప్పుకు మొరటెక్కిన చెయ్యి. ఆ చేత్తో ముసలమ్మల్ని దింపుతాడు, బియ్యం బస్తాల్ని దింపుతాడు, మేకల్ని దింపుతాడు. మేకకు చెయ్యెక్కడుందని అడగకండి. ముందరి కాలు పట్టుకుని, "ఆవో దీదీ, సంభాల్‌కే" అని అక్కకు చెప్పినట్టు జాగ్రత్తలు చెబుతూ వాడు ఒక మేకను మర్యాదగా మెట్టు మీదికి దింపడం నేను కళ్ళారా చూశాను. మేక కూడా చాలా మర్యాదగా దిగింది.

ఆ డోంగీలో వారానికోసారి ఒక నర్సమ్మ వెళ్ళేది. ఉత్తరాన ఇంకో దీవిలో ఉన్న రంగత్ ఊరి పిల్ల. వాళ్ళ తాతలూ మాలాగే ఆ తీరాన్నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో పోస్టింగు. అవతలి ఊళ్ళో పసిపిల్లలకు టీకాలు వెయ్యడానికి, భుజాన ఐసు పెట్టిన టీకాల డబ్బాతో, బిగించి అల్లిన జడతో, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఓడ సైరనుకు దీటుగా ఉంటుంది. ఆవిడ ఇవతలి జెట్టీ మీద దగ్గితే అవతలి ఊళ్ళో పిల్లలు మంచాల కింద దూరేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేనల్లుడు ఇంటికొచ్చి, తినడానికి పెట్టింది తినకుండా కూర్చున్నాడు. వాడు తినకపోవడమంటే సముద్రం ఇంకిపోవడమే. మా ఆవిడ రొయ్యలు ఒలుస్తూ వాడి ముఖం చూసింది.

"ఏట్రా, ఇంజిన్ పోయిందా?"

"ఇంజిన్ కాదత్తా."

"మరేటి?"

"సిస్టర్."

మా ఆవిడ చేతిలో రొయ్య ఆగిపోయింది. నర్సును ఇక్కడ అందరూ సిస్టరనే అంటారు. మాట ఒక్కసారి బయటపడ్డాక వాడు ఆగలేదు. వానాకాలం అయిపోగానే ఆవిడకు రంగత్ బదిలీ. అక్కడ అమ్మా నాన్నా సంబంధాలు చూస్తున్నారు. బస్సెక్కిందంటే అంతే.

"ఆలోగా సెప్పాల మావా. ఎలాగ సెప్పాలో తెలీదు. నాను సిస్టర్ అంటాను, ఆవిడ నన్ను భయ్యా అంటాది. ఇంకేటి సెప్పను?"

"ఇక్కడ కండక్టరూ భయ్యాయే, కొబ్బరికాయలవాడూ భయ్యాయే. దానికి భయపడితే ఈ దీవుల్లో ఒక్క పెళ్ళీ జరగదు," అన్నాను. "మీ అత్త నన్ను పెళ్ళి కుదిరేదాకా భయ్యా అనే అంది. అలవాటు కొద్దీ పీటల మీద కూడా అంది. పంతులుగారు మంత్రం ఆపేశాడు."

"పీటల మీద అన్లేదు," అంది మా ఆవిడ. "మర్నాడు అన్నాను."

వాడు నా దగ్గరికే ఎందుకొచ్చాడంటే, వాడి లెక్కలో నేను ప్రేమ సినిమాల్లో ప్రొఫెసర్ని. నేనూ కాదనలేదు. వరసగా కొన్ని ఆదివారాలు మా ఇంట్లో పాఠాలు నడిచాయి. టీవీ ముందు వాడూ నేనూ, వెనకాల కత్తిపీట ముందు మా ఆవిడ. నేను సీన్ల కింద వ్యాఖ్యానం చెబుతుంటే, మా ఆవిడ నా వ్యాఖ్యానం కింద వ్యాఖ్యానం చెప్పేది.

"ఆ పిల్ల పెద్ద ఆఫీసరని కదా అన్నావు. సినిమా మొదలైన కాణ్ణుంచి ఒక్కసారైనా డ్యూటీకెల్లిందా? జీతం ఎవులిస్తన్నారు దానికి?"

"అది సినిమా. డ్యూటీ చూపిస్తే ఎవరు చూస్తారు?"

"వంటింట్లో ఆ సిల్కు చీరేటి? ఆవగింజ చిటపటమంటే తెలుస్తాది. ఆ తల్లి చూడు, గరిటె పట్టుకోడం తప్ప నోరిప్పదు. ఈ గుంటడేమో అది వద్దంటంటే ఎనకాలే తిరుగుతున్నాడు. ఒకే ఒక్క రోడ్డున్న ఊళ్ళో అలాగ తిరిగితే ఏటవుద్దో తెలుసా? రోడ్డు అయిపోద్ది, సముద్రంలో పడతాడు."

మా ఆవిడ మాటల్లో న్యాయముందని నాకు లోపల తెలుసు. అయినా ప్రొఫెసరు వెనక్కి తగ్గకూడదు కదా. నేను హీరో చెయ్యి పట్టుకునే సీను దగ్గర ఆపి, వాడికి చూపించాను. "చూడు, ఇదీ కీలకం. నువ్వు రోజూ చెయ్యి ఇస్తున్నావు, కానీ ఊరికే ఇస్తున్నావు. ఈసారి చెయ్యి అందగానే ఒక్క క్షణం ఆపు. కళ్ళల్లోకి చూడు."

"కళ్ళల్లోకి చూస్తే కెరటం ఎవుడు చూస్తాడు మావా?"

"కెరటం సంగతి దేవుడు చూసుకుంటాడు."

ఇంత బాధ్యతలేని సలహా పడవవాడికి ఇచ్చిన మనిషి ఈ బంగాళాఖాతంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. వాడు మాత్రం ఆ సీను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాడు. చూస్తూ చూస్తూ, తెలియకుండానే తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. నేనప్పుడు నవ్వాను. నవ్వాల్సింది కాదు. అంతవరకు ఆ చెయ్యి వాడికి తెడ్డులాంటిది, లంగరులాంటిది, పనిముట్లలో ఒకటి. ఆ మధ్యాహ్నం అది చెయ్యి అయింది. మొరటుగా ఉందని, చేపవాసన వేస్తుందని, ఇంకొకరి చెయ్యి పట్టుకుంటుందని వాడికి మొదటిసారి తెలిసింది.

ఆ వారం టీకాల రోజున నా శిష్యుడి ప్రతిభ చూడాలని ఆఫీసుకు సెలవు పెట్టి నేనూ డోంగీ ఎక్కాను. అవతలికి చేరేసరికి ఆటు బాగా తీసింది. మెట్ల కింద మడ బురద నల్లగా, మెత్తగా, ఎవరి కోసమో కాచుకున్నట్టుంది. వాడు ముందు దిగి, మెట్టు మీద నిలబడి, అందరికీ చెయ్యి ఇచ్చాడు. పనసకాయ ఎత్తుకున్న ఒక బెంగాలీ దీదీకి ఇచ్చాడు. ఒక తాతకు ఇచ్చాడు. నేను చెప్పిన ఆ మేక ఆ రోజుదే, దానికీ ఇచ్చాడు. నన్ను దింపడానికి రెండు చేతులూ ఇచ్చాడు, పడవ ఒక అడుగు పైకి లేచింది.

చివరికి నర్సమ్మ. ఎప్పటిలాగే, చూడకుండానే చెయ్యి చాపి, చూడకుండానే కాలు ఎత్తింది. ఎందుకు చూడాలి? ఆ చెయ్యి అక్కడ ఉంటుందని సూర్యుడు తూర్పున ఉంటాడన్నంత నమ్మకం. మావాడు చెయ్యి చాపబోయాడు. ఒక్క క్షణం ఆగాడు, నేను చెప్పినట్టే. కళ్ళల్లోకి చూశాడు, నేను చెప్పినట్టే. ఆ తర్వాత నేను చెప్పనిది చేశాడు. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు.

ఆవిడ గాలి పట్టుకుంది.

సినిమాలో అయితే టీ తాగడానికి టైముండేది. ఇక్కడ గుటక వెయ్యడానికి కూడా లేదు. థప్పుమని శబ్దం, అంతే, నడుందాకా బురదలో నిలబడి ఉంది. కేక పెట్టలేదు. టీకాల డబ్బాను రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తేసింది, ఒక్క చుక్క తడవలేదు. ఆవిడ అన్న మొదటి మాట, "డబ్బా పకడో!" తర్వాతి మాటలు హిందీలో, తెలుగులో, కొంత బెంగాలీలో ఉన్నాయి. అవి అచ్చువేసే ప్రెస్సు దీవుల్లో లేదు.

మావాడు బురదలోకి దూకాడు. దూకి ఏం చేశాడు? ఆవిడ చెప్పిందే చేశాడు. డబ్బా పట్టుకున్నాడు. డబ్బాను పసిబిడ్డలా ఎత్తుకుని మెట్టు మీద పెట్టి, దాని పక్కన నిలబడ్డాడు. ఆవిడను పైకి లాగింది పనసకాయ దీదీ.

బురద కారుతూ మెట్టు ఎక్కి, నర్సమ్మ వాడి ముందు నిలబడింది. గొంతు పెంచలేదు. ఆ గొంతు పెంచకపోవడం చూసే నాకు భయమేసింది.

"అందరికీ ఇస్తావు. మేకకీ ఇస్తావు. నేనేం చేశాను భయ్యా నీకు?"

ఆవిడ డబ్బా భుజానికి తగిలించుకుని, ఆ బురద బట్టలతోనే ఊళ్ళోకి నడిచి, టీకాలు వేసేసి, రోడ్డు మీద చుట్టూ తిరిగి ఇంటికెళ్ళింది.

ఆ తర్వాత ఆవిడ వాడి డోంగీ ఎక్కలేదు. ఇంకొక ముసలి తాత డోంగీలో వెళ్ళేది. ఆ డోంగీ ఎంత నెమ్మదంటే, దాని పక్కనుంచి పీతలు ఓవర్‌టేక్ చేసేవి. మావాడు ఇవతలి ఒడ్డున నిలబడి, అది చుక్కంత అయ్యేదాకా చూసేవాడు. వానలు తగ్గుముఖం పట్టాయి. బదిలీ దగ్గరకొచ్చేస్తోంది.

"పిల్లోణ్ణి పాడు చేశావు," అంది మా ఆవిడ. "సుబ్బరంగా చెయ్యి ఇచ్చుకునేవాడు. దానికి వయొలిన్లు తగిలించావు."

నేను ఊరుకుంటానా? సినిమాలో తప్పు చేసిన హీరో ఏం చేస్తాడు? జనం మధ్యలో నిలబడి క్షమాపణ చెబుతాడు. పాపం ఆ పిల్ల ఒప్పుకోకపోతే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోరు, చప్పట్లు కొట్టి ఒప్పిస్తారు. వానలో ఆవిడ ఇంటి ముందు నిలబడమందామంటే, మా దగ్గర ఏడాదిలో సగం రోజులు అందరూ వానలోనే నిలబడి ఉంటారు, వాణ్ణి ప్రత్యేకంగా ఎవరు గుర్తుపడతారు? అందుకని డైలాగు రాశాను. రెండు పేజీలు. మా నాన్న ఓడల మీద పాత తెలుగు పత్రికలు తెప్పించి నాకు చదువు నేర్పింది ఇందుకేనేమో అనిపించింది. వాడికి చదివి వినిపించాను.

"నువ్వు కెరటానివైతే నేను తీరాన్ని..."

"అంటే ఆవిడ రోజూ నన్ను కొడతాదా మావా?"

"కొట్టడం కాదురా, తాకడం. సరే, విను. నువ్వు పున్నమి చంద్రుడివైతే..."

"పున్నమికి పోటెక్కువ. డోంగీ గట్టిగా కట్టుకోవాల."

కవిత్వానికి ఇంత ఉప్పునీళ్ళు పోసినవాణ్ణి నేను చూడలేదు. అయినా వాడు బట్టీ పట్టాడు. వల విప్పుతూ, ఇంజిన్‌లో నూనె పోస్తూ చదువుకునేవాడు. చేపలకు కూడా వచ్చేసి ఉంటుంది.

ఆవిడ ఈ ఊళ్ళో చివరిసారి టీకాలకు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. ఆ పొద్దున తాత డోంగీ జెట్టీలో లేదు. ఏదో స్పేరు పార్టు కోసం ఫెర్రీ ఎక్కి అబర్డీన్ బజార్ వెళ్ళాడన్నారు. ఆ పార్టు అంత అర్జెంటని తాతకు ఎవరు చెప్పారో మా ఆవిడను అడిగితే, ఆవిడ ఆకాశం వైపు చూసి మబ్బుల గురించి మాట్లాడింది. ఐసు ఆగదు. పిల్లలు ఎదురుచూస్తుంటారు. నర్సమ్మ పళ్ళు బిగించి మావాడి డోంగీ ఎక్కింది. మేమిద్దరం అవతల ఎవరింట్లోనో పెరుగు తోడు తీసుకోవాలన్న వంకతో వెనకాలే ఎక్కాం.

క్రీకు దాటేదాకా ఇంజిన్ ఒక్కటే మాట్లాడింది. అవతల మళ్ళీ అదే ఆటు, అవే మెట్లు, అదే బురద. వాడు దిగి మా ఆవిడకు చెయ్యి ఇచ్చాడు. నన్ను దింపాడు. నేను మెట్టు మీద, మా ఆవిడ వెనక నిలబడి వాడికి పెదాలు కదిపి డైలాగు అందించడం మొదలుపెట్టాను. కె-ర-టం. తీ-రం.

వాడు నా వైపు చూశాడు. నర్సమ్మ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సిస్టర్..." అన్నాడు.

నా రెండు పేజీలూ ఆ ఒక్క మాటతో క్రీకులో కలిశాయి.

నర్సమ్మ డోంగీ అంచున నిలబడి ఉంది, డబ్బా భుజాన. "ఐసు కరిగిపోతోంది," అంది. "చెయ్యి ఇస్తావా, మళ్ళీ బురదేనా?"

అప్పుడు వాడు, తల ఎత్తకుండా, నేను ఏ జన్మలోనూ రాయలేని మాట అన్నాడు. "అందరికీ ఇచ్చినట్టు నీకు ఇవ్వలేకపోయాను."

ఆవిడ తన చెయ్యి ముందుకు చాపింది. ఈసారి చూసి చాపింది. వాడు పట్టుకున్నాడు. మెట్టు మీదికి దిగింది. వయొలిన్లు లేవు, పువ్వులు రాలలేదు, ఒక మడకొమ్మ మీద నుంచి లకుముకి పిట్ట బురదలోకి దూకి ఏదో పట్టుకుపోయింది. ఆవిడ పైమెట్టు దాకా ఎక్కి వెనక్కి తిరిగింది.

"పని అయ్యాక వస్తాను. ఎక్కడికీ పోకు. ఇక్కడే ఉండు."

భయ్యా అనలేదు. మా ఆవిడ నన్ను గిల్లిన గిల్లుడుకు ఇప్పటికీ మచ్చ ఉంది. చూపించమంటే చూపిస్తాను, కొంచెం వెతుక్కోవాలి.

సినిమా అయితే ఇక్కడ ఆగిపోతుంది. ఆ పిల్ల ఉద్యోగం ఏమైందో, ఎవరు ఎవరి ఊరికి వెళ్ళారో చెప్పకుండానే లైట్లు వేసేస్తారు. బదిలీ ఆగలేదు, ఆవిడ రంగత్ వెళ్ళింది. వాళ్ళ నాన్న మీసం మెలేసి తుపాకీ తీస్తాడేమోనని నేను ఆశపడ్డాను. ఆయన అడిగిందల్లా, "ఇంజిన్ ఎన్ని హార్స్‌పవరు బాబూ?" ఒక్కటే. పెళ్ళయ్యాక మా అక్క కొడుకే డోంగీ తీసుకుని అటువైపు కాపురానికి వెళ్ళాడు. ఇప్పుడు రంగత్ దగ్గర వేట చేస్తున్నాడు, ఆవిడ డ్యూటీ చేస్తోంది, ముందు ఇంటికొచ్చినవాళ్ళు అన్నం వండుతారు. మొన్న వెళితే ఆ రోజు వాడు వండాడు. అన్నం లంగరులా ఉంది. ఎక్కడ వేస్తే అక్కడే ఆగిపోయింది.

ఇక నేను ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. బురద నడుందాకా కాదు, మోకాళ్ళదాకానే. అది పెంచడం, కల్పించడం కాదు. మేక సంగతి ముమ్మాటికీ నిజం. నేను కల్పించింది వాడు అన్న ఆ ఒక్క మాట. "అందరికీ ఇచ్చినట్టు నీకు ఇవ్వలేకపోయాను" అని వాడు అనలేదు. వాడు ఏమీ అనలేదు. ఇన్ని సినిమాలు చూసినవాణ్ణి, హీరోకు ఒక్క డైలాగైనా లేకుండా కథ ముగించడానికి నాకు చెయ్యాడలేదు. అందుకని నా మాట వాడి నోట్లో పెట్టాను.

ఇది చదివి మా ఆవిడ, "ఆ మాట తీసెయ్యి," అంది. "నాను పక్కనే ఉన్నాను. జరిగింది రాయి."

జరిగింది ఇదీ. నర్సమ్మ "చెయ్యి ఇస్తావా" అని అడిగినప్పుడు మా మేనల్లుడు మెట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. ఆ చేతిని క్రీకు నీళ్ళల్లో ముంచి కడిగాడు. వేళ్ళ సందులన్నీ కడిగాడు. లేచి చొక్కాకు తుడుచుకున్నాడు, ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు. అప్పుడు చాపాడు. ముసలమ్మలకూ మేకలకూ నాకూ ఏనాడూ కడిగి ఇవ్వని చెయ్యి అది. నర్సమ్మ అంతా చూస్తూ నిలబడింది. ఐసు కరుగుతున్నా తొందర పెట్టలేదు.